రెండు రోజుల ‘గిరిజన సంస్కృతి’ టూరు: బస్సు బాగుంది, తొందరే బాలేదు

శ్రీకాకుళంలో మా వీధి వాట్సాప్ గ్రూపులో ఈ టూరు ప్రకటన తిరిగింది. ‘గిరిజన సంస్కృతి దర్శనం’, రెండు రోజులు, మనిషికి 4,200 రూపాయలు, ఏసీ బస్సు, భోజనం, రాత్రి బస అన్నీ అందులోనే. మొదటి రోజు శాలిహుండం, శ్రీముఖలింగం, సీతంపేట ఏజెన్సీలో ఒక గూడెం. రాత్రికి విజయనగరం. రెండో రోజు బొర్రా గుహలు, అరకు గిరిజన మ్యూజియం, తిరుగు ప్రయాణం.

నేను ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం సీతంపేట వైపు సబ్‌సెంటర్లలోనే ఉన్నాను. అందుకని ఈ ప్రకటన చూడగానే ఆశా పుట్టింది, అనుమానమూ పుట్టింది. మా ఆడపడుచు, ఎనిమిదో తరగతి చదివే ఆవిడ మనవడు కూడా వస్తామన్నారు. టూరు నడిపేవాళ్ళ పేరు రాయను. చిన్నవాళ్ళు, కొత్తగా మొదలెట్టారు. దిద్దుకోగలిగిన లోపాలే.

ముందు మంచి చెప్తాను. బస్సు కొత్తది, ఏసీ ఆగలేదు. డ్రైవరు నిదానస్తుడు, ఘాట్ రోడ్డు మీద ఫోను ముట్టుకోలేదు. వాంతులయ్యేవాళ్ళకి అడక్కుండానే కవర్లు పంచారు. ఆడవాళ్ళు ఎక్కడ దిగాలో, బాత్రూములు ఎక్కడ శుభ్రంగా ఉంటాయో ముందే చూసి పెట్టుకున్నారు. ఈ ఒక్క పని చాలా పెద్ద కంపెనీలకి కూడా చేతకాదు.

మొదటి మజిలీ శాలిహుండం. గార మండలంలో, వంశధార పక్కన కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. పొద్దున్నే చేరాం కాబట్టి మెట్లెక్కడం కష్టమనిపించలేదు. పైనుంచి నది, ఇసుక తిన్నెలు, దూరంగా కళింగపట్నం వైపు పచ్చదనం. “గిరిజనుల టూరని చెప్పి బుద్ధుడి దగ్గరికి తెచ్చారేటి వదినా?” అని మా ఆడపడుచు నెమ్మదిగా అడిగింది. న్యాయమైన ప్రశ్నే. గైడు కుర్రాడు స్తూపం ఎన్ని వందల ఏళ్ళదో చెప్పాడు గానీ అసలు సంబంధం చెప్పలేదు.

ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా అందరికీ తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన పుట్టింది ఈ వంశధార ఒడ్డునే, పర్వతాలపేటలో, 1863లో. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ, ఈ కొండల్లో ఉండే సవర తెగ మనిషిని, తెలుగు వచ్చినవాణ్ణి, ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా భాష, రెండింటికీ చుట్టరికమే లేదు. అలాంటి భాషని ఆ రోజుల్లో ఒక బడిపంతులు సొంత ఖర్చుతో నేర్చుకోవడమంటే మాటలా! నాకైతే అన్నేళ్ళ ఉద్యోగంలో జ్వరం, నొప్పి, నీళ్ళు, ఎన్నాళ్ళ నుంచి, ఇలాంటి నాలుగు ముక్కలే పట్టుబడ్డాయి. మిగతాదంతా ఆశా కార్యకర్తే చెప్పేది.

అక్కడ మెట్ల మీద కూర్చోబెట్టి ఇది పది నిమిషాలు చెప్తే చాలు, రోజంతటికీ దారి దొరికేది. మా మనవడికి నేను చెప్తుంటే వెనక సీట్ల వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు.

శ్రీముఖలింగం జలుమూరు మండలంలో, వంశధారకి అవతలి ఒడ్డున. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. శిల్పం గురించి నేను చెప్పేదేమీ లేదు, ద్వారబంధాల దగ్గరే అరగంట నిలబడొచ్చు. ఈ టూరులో దీన్ని పెట్టడం మాత్రం చాలా మంచి ఆలోచన. ఎందుకంటే ఇక్కడి స్వామి మధుకేశ్వరుడు, అంటే ఇప్పచెట్టు దేవుడు. స్థలపురాణంలో గంధర్వులు శాపం వల్ల సవరలుగా పుడతారు. సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇంటి దగ్గరి ఇప్పచెట్టు పూల కోసం ఇద్దరికీ తగువు. విసుగెత్తి అతను గొడ్డలి తీసుకుని చెట్టు నరికితే, నరికిన మొద్దులో శివుడి ముఖం కనబడింది. గైడు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు. గుళ్ళో ఒక పెద్దాయన మాత్రం తీరిగ్గా చెప్పారు. సవతుల తగువు దగ్గర గొంతు మార్చి మరీ చెప్పారు. మా బస్సు ఆడవాళ్ళంతా నవ్వుకున్నారు.

నా మటుకు నాకు ఈ కథలో ముఖ్యమైనది ఇప్పపువ్వే. కొండమీద ఇప్పచెట్టు ఎవరిదో ఊళ్ళో ప్రతివాళ్ళకీ లెక్క ఉంటుంది. పూలు రాలే రోజుల్లో తెల్లవారుజామునే బుట్టలు పట్టుకుపోతారు. ఎండబెట్టి దాచుకుంటారు, తింటారు, సారా కాస్తారు. ఆ పువ్వు మీద తగువులు నేనూ చూశాను. పురాణం రాసినవాడెవరో గానీ ఆ ఇళ్ళు తెలిసిన మనిషి.

దగ్గర్లోనే సోమేశ్వరాలయం, భీమేశ్వరాలయం ఉన్నాయి. భోజనానికి ఆలస్యమవుతోందని ఆపలేదు. భోజనం మామూలుగా ఉంది, పప్పు బాగుంది, చేపల పులుసులో చేప తక్కువ. అంతే, ముందుకు పోదాం.

సీతంపేట దగ్గరే అసలు పేచీ. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా, 2022లో శ్రీకాకుళం నుంచి విడిపోయింది. ఏజెన్సీలోకి వెళ్ళి ఒక సవర గూడెం ముందు బస్సు ఆపారు. ఊరి పేరు రాస్తే రేపు ఇంకో నాలుగు బస్సులు అక్కడికే పోతాయి, అందుకని రాయను. చింతపండు పని నడుస్తున్న రోజులు. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని గింజలు తీస్తున్నారు. ఎవరికీ ముందుగా కబురు లేదు. ఇంతమందిమి ఒక్కసారి దిగేసరికి పిల్లలు లోపలికి పరిగెత్తారు.

ఇళ్ళు ఇప్పటికీ వరసగా, ఒకదాని గోడ ఇంకోదానికి ఆనుకునే ఉన్నాయి. ముందు అరుగు, తల వంచితే గానీ దూరలేని చూరు. సగం ఇళ్ళకి ఇప్పుడు రేకులు, కొన్నింటికి స్లాబులు. “ఒరిజినల్ ఇల్లు చూపించండి” అని ఒకాయన గైడుని అడిగాడు. రేకుల ఇంటి ముందు కూర్చున్న ఆవిడ ఒరిజినల్ కాదా బాబూ అని నాకు అడగాలనిపించింది. అడిగాను కూడా.

ఒక ఇంటి గోడ మీద బొమ్మ ఉంది. ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో పుల్లతో వేసింది. ఎడిసింగ్ అంటారు. నలుచదరం గీత లోపల మనుషులు, చెట్లు, గుర్రం, సూర్యుడు, చంద్రుడు. ఈ బొమ్మలు ఇప్పుడు చీరల మీదా, ప్రభుత్వ ఆఫీసుల గోడల మీదా కనిపిస్తున్నాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. ఇంట్లో గోడ మీదది మాత్రం అలంకారానికి వేసింది కాదు. పెద్దలకీ దేవతలకీ పెట్టే చోటు అది. పండగకి వేస్తారు, పెళ్ళికి వేస్తారు, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే వేస్తారు. నా ఉద్యోగంలో అది నాకు రిజిస్టరు కన్నా ముందు అందే కబురు. పండగా పెళ్ళీ లేని రోజుల్లో ఊళ్ళోకి వెళ్ళగానే ఏ గోడ మీదైనా పిండి ఇంకా తెల్లగా మెరుస్తూ కొత్త బొమ్మ కనిపిస్తే, ఆ ఇంట్లో మంచం పట్టినవాళ్ళు ఉన్నారని లెక్క. ముందు ఎజ్జోడు, అంటే పూజ చేసి జబ్బు చూసే వాళ్ళ పెద్ద, వచ్చి వెళ్ళేవాడు, తర్వాత నేను. వేలు పొడిచి స్లైడు తీస్తే చాలాసార్లు మలేరియానే. ఆయన పని ఆయన చేశాడు, నా మాత్రలు నేను ఇచ్చేదాన్ని. ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుని అంబలి తాగిన రోజులున్నాయి.

మా బస్సు వాళ్ళు ఆ గోడకి వీపు ఆనించి సెల్ఫీలు దిగారు. ఒకమ్మాయి చెప్పులతోనే అరుగెక్కింది. ఇంతలో గైడు ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, “ఒకసారి ధింసా వెయ్యండమ్మా, మావాళ్ళు వీడియో తీసుకుంటారు” అన్నాడు. ధింసా ముఖ్యంగా అరకు, పాడేరు వైపు ఆట. అదొకటి. చేతినిండా చింతపండు పులుపు అంటుకుని కూర్చున్న మనుషుల్ని, మిట్టమధ్యాహ్నం లేచి ఆడమనడం ఇంకొకటి. మన వీధిలోకి ఎవరో బస్సులో దిగి, వంటింట్లో ఉన్నదాన్ని పిలిచి బతుకమ్మ ఆడమంటే ఎలా ఉంటుంది? మనం బతుకమ్మ ఆడం కదా అంటే, పర్లేదు తెలుగువాళ్ళేగా అన్నట్టు.

ఒకావిడ నన్ను పోల్చుకుంది. “సిస్టరమ్మా, వీళ్ళతో మీరేటి?” అంది. నేను కాన్పు చేయించిన బిడ్డకి ఇప్పుడు బిడ్డ ఉందట, చూపించింది. నేను గైడుని పక్కకి పిలిచి చెప్పాను, ఆట వద్దు బాబూ, చింతపండు కొనమను అందరినీ, కూర్చుని రెండు మాటలు మాట్లాడమను. పాపం విన్నాడు. చాలామంది కొన్నారు కూడా. ఒకాయన మాత్రం బేరం మొదలెట్టి, నా మొహం చూసి ఆపేశాడు.

తిరిగి బస్సెక్కాక అదే ఒరిజినల్ ఇంటాయన, ఇక్కడ ఎకరం ఎంతుంటుందని గైడుని అడిగాడు. గైడు నీళ్ళు నమిలాడు. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు, 1970 నాటి 1/70 చట్టం ఉంది అని నేనే చెప్పాను. ఆ చట్టానికి ముందు ఈ కొండల్లో ఏం జరిగిందో కూడా టూరులో ఒక మాట ఉండాలి. షావుకార్ల అప్పులు, చేజారిన పొలాలు, 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజన రైతుల్ని కాల్చి చంపడం. ఆ తర్వాత సాగిన గిరిజన రైతుల పోరాటంతోనే శ్రీకాకుళం పేరు దేశమంతా తెలిసింది. ఆటపాటలు మాత్రమే సంస్కృతి, పొలం కాదు అనుకుంటే ఎలా?

ఆడలి వ్యూ పాయింట్ ఎక్కిస్తామన్నారు గానీ పొద్దు గుంకింది. రాజాం మీదుగా విజయనగరం చేరి పడుకున్నాం. లాడ్జీ శుభ్రంగా ఉంది. దుప్పట్లు పలచన.

రెండో రోజు ఎస్.కోట దాటాక ఘాట్ రోడ్డు. అనంతగిరి కాఫీ తోటలు, మిరియాల తీగలు కిటికీలోంచి చూడ్డమే. బొర్రా గుహలు అద్భుతమే, కాదనను. లోపలి శివలింగాన్ని చుట్టుపక్కల గిరిజనులు కొలుస్తారు కాబట్టి టూరుకి పరాయిదీ కాదు. కానీ బొర్రాలో మెట్లెక్కి దిగేసరికి పెద్దవాళ్ళంతా డీలా పడ్డారు. అరకు చేరేసరికి ఆకలి, నిద్ర. ఆ స్థితిలో మ్యూజియానికి ఇచ్చిన టైము నలభై నిమిషాలు.

ఈ రెండు రోజుల్లో డబ్బుకి తగ్గ చోటు ఏదంటే ఆ మ్యూజియమే. 1996లో పెట్టారు. గుండ్రంగా, మట్టి ఇంటి పోలికలో కట్టిన భవనం. లోపల నిలువెత్తు బొమ్మలు, వంట, వేట, పెళ్ళి, ధింసా. పనిముట్లు, పాత్రలు, నగలు, వాయిద్యాలు. టిక్కెట్టు పెద్ద ఖరీదేమీ కాదు. జనం మామూలుగా ధింసా బొమ్మల పక్కన ఫోటో దిగి, కాఫీ తాగడానికి వెళ్ళిపోతారు. మీరు అలా చెయ్యొద్దు.

ధింసా బొమ్మల దగ్గరే ఆగి చేతులు చూడండి. ఒకరి వీపు వెనక నుంచి ఇంకొకరి చెయ్యి పట్టుకుని గొలుసులా ఉంటారు. ఒకరు అడుగు తప్పితే వరసంతా ఊగుతుంది. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు, ఇవీ ఆ ఆటకి వాయించేవి. మా మనవడు తుడుము ఆకారం చూసి, “మామ్మా, ఇది నెత్తిమీద బోర్లిస్తే హెల్మెట్టే” అన్నాడు. నవ్వాను గానీ, నిజమైన తుడుము మోత విన్నవాడు ఆ మాట అనడు. గుండెల్లో దడ పుడుతుంది.

నగల దగ్గర ఆడవాళ్ళకి బోలెడు కబుర్లు దొరుకుతాయి. ముక్కుకి మూడు పుడకలు ఎవరు పెట్టుకుంటారు, గదబ ఆడవాళ్ళు మెడకి వేసుకునే లోహపు కడియాల బరువెంత, వాళ్ళు చెట్టునార తీసి, ఇంట్లోనే నేసుకునే కెరాంగ్ చీర చారలు ఎలా ఉంటాయి. విజయనగరం జిల్లాలోనూ గదబలు ఉన్నారు. సవరలు, జాతాపులు, కొండదొరలు, కోందులు, పోర్జాలు, బగతలు ఎవరికి వారే. భాషలు వేరు, దేవతలు వేరు. మన బస్సులో మాత్రం అందరూ కలిపి “ట్రైబల్స్”. మ్యూజియంలో ప్రతి బొమ్మ దగ్గరా ‘ఇది ఎవరిది?’ అని పిల్లాడి చేత అడిగించండి. అక్కడ పనిచేసేవాళ్ళలో స్థానికులు ఎవరైనా కనిపిస్తే మర్యాదగా అడగండి. నేను అడిగితే ఒకాయన ఇటుకల పండగ గురించి చెప్పారు. ఎండాకాలం మొదట్లో మగాళ్ళు వేటకి పోవడం, ఆడవాళ్ళు దారికి కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ డబ్బులు వసూలు చెయ్యడం. పోయినేడు తన భార్య ఎవరి కారు ఆపిందో, ఎంత రాబట్టిందో కూడా చెప్పి మురిసిపోయారు. గోడ మీద బోర్డు ఎంత బాగా రాసినా అది రాయలేదు కదా.

ఏ మ్యూజియమైనా బొమ్మకి చలిజ్వరం రాదు, బొమ్మ రేషను కోసం కొండ దిగదు. అది మనం కలుపుకుని చూసుకోవాలి. రోడ్డు లేని ఊళ్ళ నుంచి నిండు గర్భిణుల్ని ఇంకా డోలీ కట్టి మోస్తున్నారు. గిరిజన వస్తువుల్లో మ్యూజియానికి తొందరగా చేరిపోవాలని నేను కోరుకునేది ఆ డోలీ ఒక్కటే.

నలభై నిమిషాలు అయిపోగానే విజిలు వేశారు. కాఫీ మ్యూజియానికి మాత్రం గంట ఇచ్చారు, చాక్లెట్ల కోసం. తేనె, కాఫీపొడి కొనేవాళ్ళు జీసీసీ దుకాణం వెతుక్కోండి. గిరిజనుల దగ్గర సరుకు కొనడానికి 1956లో పెట్టిన సహకార సంస్థ అది. బొంగు చికెన్ తిన్నాం, కారం ఎక్కువ, మా ఆడపడుచుకి భలే నచ్చింది.

మొత్తంగా టూరుకి అయిదుకి రెండున్నర ఇస్తాను. అరకు మ్యూజియానికి విడిగా నాలుగు. నడిపేవాళ్ళకి ఫోను చేసి చెప్పాను. బొర్రా తీసెయ్యండి, మ్యూజియానికి రెండు గంటలు ఇవ్వండి. గూడేనికి బస్సు తీసుకెళ్ళడం మానండి, వెళ్ళాలంటే ఊరి పెద్దల్ని ముందు అడగండి, అయిదారుగురి కన్నా ఎక్కువ వద్దు. గైడుగా అక్కడి కుర్రాణ్ణే పెట్టుకోండి, డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు ఎంతోమంది. మొదటి రెండింటికి సరేనన్నారు. మూడోదానికి, “గూడెం లేకపోతే టిక్కెట్లు తెగవు మేడమ్” అన్నారు. నిజమే కావొచ్చు. అయినా ఆ భాగం అలాగే ఉన్నంతకాలం నేను ఎవరికీ వెళ్ళమని చెప్పను.

సవరల గురించే బాగా తెలుసుకోవాలనుంటే ఆమదాలవలసలో రైలెక్కి భువనేశ్వర్ వెళ్ళండి. నయాపల్లిలో ఒడిశా గిరిజన మ్యూజియం ఉంది. నగలు, ఆయుధాలు, ఇంటి సామాన్లు, వాయిద్యాలు వేరు వేరు గదుల్లో సర్ది ఉంటాయి. కొండకి అటుపక్క సవరలదీ ఇటుపక్క సవరలదీ ఒకటే వంశం, సరిహద్దు మనం గీసుకున్నది.

అంత దూరం వద్దనుకుంటే మీకు మీరే సీతంపేట వెళ్ళొచ్చు. శ్రీకాకుళం కాంప్లెక్సులో పాలకొండ బస్సు, అక్కడి నుంచి సీతంపేట బస్సు. సోమవారం వెళ్ళండి, ఆరోజు వారపు సంత. కొండ దిగి వాళ్ళే వస్తారు, అమ్ముకోవడానికి, కొనుక్కోవడానికి, చుట్టాల్ని కలవడానికి. అక్కడ మనం చూడ్డానికొచ్చినవాళ్ళం కాదు, కొనడానికొచ్చినవాళ్ళం, మాట దానంతటదే కలుస్తుంది. పసుపు, అల్లం, చింతపండు, కొండచీపుర్లు, జూన్ జూలైల్లో అనాసపళ్ళు. చిల్లర పట్టుకెళ్ళండి, ఫోనులో డబ్బులు వేస్తామంటే అందరి దగ్గరా కుదరదు. పొద్దున్నే చేరండి, ఎండెక్కితే దూరపు ఊళ్ళవాళ్ళు తిరుగుముఖం పడతారు.